సగం దారిలో వెనక్కి తిరిగే ఓడ

పద్దెనిమిదేళ్ల వయసులో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. భిలాయి రుఆబాంధాలో మా క్వార్టరు ముందు గది నుంచి వంటింటి దాకా పదకొండు అడుగులు. అటు పదకొండు, ఇటు పదకొండు. "కాలు కాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు? నిన్ను సూస్తే నాకు కళ్లు తిరుగుతన్నాయి" అని అమ్మ విసుక్కునేది. బీయస్సీ మొదటి ఏడాది పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, పుస్తకం ముట్టబుద్ధయ్యేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. బుర్రలో మాత్రం ఒకటే తిరుగుతుండేది. వేరే నక్షత్రం నుంచి మన వైపు బయల్దేరిన ఒక ఓడ.

ఆ ఓడ నా సొంత తయారీ. అప్పట్లో పవర్ హౌస్ బస్టాండు దగ్గర కొట్లో పాత హిందీ కథల పుస్తకాలు అద్దెకిచ్చేవారు. వాటిలో గ్రహాంతరవాసుల ఓడలు ఇక్కడ మాయమై అక్కడ తేలేవి. కనురెప్ప కొట్టేలోగా కోట్లమైళ్లు. చదివితే నాకు ఒళ్లు మండేది. వెలుగును మించి ఏదీ పోలేదని మా క్లాసులో అంత గట్టిగా చెబుతుంటే వీళ్లకింత అలుసేమిటి? నా ఓడ వెలుగు కంటే నెమ్మదిగానే పోతుందని శపథం చేసుకున్నాను. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి అరవయ్యేళ్లు. అందులో ఉండేవాళ్లకి నాలుగు చేతులు, గాజులాంటి చర్మం, మన ఉక్కు ప్లాంటు వాళ్లలాగే మూడు షిఫ్టులు.

ఇక ఇంజను. నాకు తెలిసిన ఇంజను ప్రపంచమంతా ప్లాంటే. సాయంత్రం పూట అక్కడ ఇనుము తీయగా మిగిలిన నిప్పులాంటి మడ్డి పారబోస్తే మా ఇంటి డాబా మీద బట్టలు కూడా ఎర్రగా కనిపించేవి. అందుకని ఓడ కడుపులో ఒక పెద్ద తొట్టి పెట్టి, దాన్నిండా కరిగిన లోహం పోశాను. ఆ లోహాన్ని ఇంకా కాచి, ఆవిరి చేసి, వెనకనున్న సన్నటి గొట్టంలోంచి చిమ్మాలి. గాలి ఊదిన బుడగ మూతి వదిలేస్తే ఎలా పోతుందో ఓడా అలా పోతుంది. రోజుకి ఇంత చొప్పున ఏళ్ల తరబడి చిమ్మితే వేగం పెరుగుతూనే ఉంటుంది. లెక్కలు కట్టి నాలుగు పేజీలు నింపేసి, నన్ను మించినవాళ్లు లేరనుకున్నాను.

ఇదంతా మా తెలుగు సంఘం ఉగాది సంచిక కోసం. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. భిలాయిలో పుట్టిన మా ఈడు వాళ్లకి తెలుగు మాట్లాడడం అంతంత మాత్రం, చదవడం అసలే రాదు. మా అమ్మలాంటి వాళ్లకి చదువే లేదు. అందుకని సంచికలో పడ్డ ప్రతిదాన్నీ రాసినవాళ్లే ఉగాది రోజు సభలో పైకి చదివి వినిపించాలి. వంటల చిట్కా రాసినావిడైనా సరే, మైకు ముందుకు రావలసిందే. నాకు తెలుగు అక్షరాలు నాన్న నేర్పాడు. ఈ పద్ధతి వల్లే రాయాలన్న ఆశ పుట్టిందని చెప్పాలి. రెండు వందల మంది నోరు మూసుకుని నా మాట వినడం నాకు ఇంకెక్కడా దొరికేది కాదు.

నాన్న ప్లాంటులో లోకో డ్రైవరు. ఊళ్ల మధ్య తిరిగే రైలు కాదు. బ్లాస్ట్ ఫర్నేసులోంచి దిగిన కరిగిన ఇనుముని లాడిల్ అనే పెద్ద పెద్ద బానల్లో పోస్తే, వాటిని లాక్కుపోయి ఉక్కు తయారుచేసే విభాగంలో అప్పజెప్పాలి. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చినప్పటి నుంచీ అదే పని. ఆయన బండి ఏనాడూ సైకిలుని దాటి ఎరగదు. "నీ ఓడ మా బండి కన్నా నెమ్మదేటి?" అని వేళాకోళం చేసేవాడు గానీ, వెలుగు కంటే నెమ్మదిగా పోతుందన్న మాట ఆయనకి బాగా నచ్చింది.

రాసిన నాలుగు పేజీలూ చదివి వినిపించమన్నాడు. చదివాను. చివరిదాకా విని అన్నాడు.

"అంతా బాగున్నాది గుంటా. ఆపడం ఎలాగ?"

ఆపడం సంగతి నాకు తట్టనేలేదు.

"బండి కదపడానికి ఏ బడుద్ధాయైనా సరిపోతాడు. ఆపడానికే డ్రైవరు కావాల. అక్కడ పట్టాలుండవు, బ్రేకుండదు. మరేటి సేస్తాడు నీ నాలుగు సేతులోడు?"

రెండు రోజులు పదకొండడుగుల కవాతు చేసి జవాబు పట్టుకొచ్చాను. సగం దారిలో ఓడని వెనక్కి తిప్పెయ్యాలి. గొట్టం ముందు వైపుకొస్తుంది. అప్పుడు చిమ్మితే వేగం తగ్గుతూ వస్తుంది. సగం దూరం తొయ్యడానికి, సగం దూరం ఆపడానికి. నాన్న చప్పట్లు కొడతాడనుకున్నాను. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు.

"సగం దారికొచ్చేసరికి తొట్టిలో మెటల్ ఎంతుంటాది?"

"సగం ఖర్చయిపోతుంది నాన్నా."

"అయితే సచ్చినాడు నీ డ్రైవరు."

నాకు అర్థం కాలేదని పెరట్లోకి తీసుకెళ్లి బకెట్టు నిండా నీళ్లు పట్టి గిర్రున తిరిగాడు. నాలుగు చుక్కలు చిందాయి. సగం పారబోసి మళ్లీ తిరిగాడు. నీళ్లు అటు కొట్టుకుని ఇటు ఎగిరి, మంచం మీద ఎండబెట్టిన వడియాల మీద పడ్డాయి. అమ్మ వంటింట్లోంచి కేక పెట్టింది. "నిండు లాడిల్ బుద్ధిమంతురాలు. సగం లాడిలే రాకాసి" అన్నాడు నాన్న, అమ్మ కేక వినిపించనట్టే. "నువ్వు తిప్పమన్న సోటే సగమై ఉంటాది. అక్కడ మీటలూ గడియారాలూ పనికిరావు. ఎనకనున్న బరువు ఎటు ఊగుతన్నాదో ఈపుతో తెలుసుకోవాల. నేను కళ్లు మూసుకుని సెప్పగలను ఏ లాడిల్ ఎంత నిండిందో."

కళ్లు మూసుకుని అన్నమాట దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆ మాట మా ఇంట్లో ఊరికే అనుకునేది కాదు.

నాన్నకి అప్పటికే చూపు ఆనడం లేదు. ఆ సంగతి ముగ్గురికే తెలుసనుకునేదాన్ని, అమ్మకి, నాకు, ఆయన బండి ముందు నడిచే పాయింట్స్‌మన్‌కి. ఆ మామయ్య, మామయ్య అనే పిలిచేదాన్ని, జెండా ఊపడంతోపాటు ఈల కూడా వేసేవాడు, నాన్నకి జెండా కనపడదని. లోకో వాళ్లకి కొన్నాళ్లకోసారి ఆస్పత్రిలో కంటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే లోకో దిగిపోవాలి. జీతం పోదు, ఉద్యోగం పోదు, బండి పోతుంది. నాన్న దృష్టిలో బండి పోయాక మిగిలినవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కిందటిసారి పరీక్షకి ముందు నాకు కళ్లజోడు రాయించే పని పడింది. ఆస్పత్రిలో గోడ మీద ఇంగ్లీషు అక్షరాల చార్టు, పైన పెద్దవి, కిందకి పోయేకొద్దీ చిన్నవి. నాన్న పక్కనే కూర్చుని నా చెవిలో అన్నాడు, "ఒకసారి బాగా సూసి గుర్తుపెట్టుకో అమ్మా." నాకు ఏది చూసినా అచ్చు గుద్దినట్టు గుర్తుండేది. ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద వరసగా రాసిచ్చాను. డ్రైవర్లని పరీక్షించే గదిలోనూ అదే చార్టు. నెలరోజులు ఆయన స్నానం చేస్తూ, బూట్లు తుడుచుకుంటూ ఆ వరసలు ఎక్కాల్లా వల్లించాడు. అక్షరం ముక్క రాని మా అమ్మ కూడా పప్పు రుబ్బుతూ అందించేది. పరీక్షకి వెళ్లాడు, గడగడా చెప్పేశాడు, గెలిచొచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండారు. నేను రెండు గిన్నెలు తిన్నాను. నాకేమీ అనిపించలేదు, అది నిజం.

అనిపించింది తర్వాత. కథ రాస్తున్న రోజుల్లోనే ఒక సాయంత్రం నాన్న స్కూటరు వెనక కూర్చుని పవర్ హౌస్ బజారుకి వెళ్లాను. ఎండ ఇంకా పోలేదు. పక్క సందులోంచి ఒకావిడ రోడ్డు దాటుతోంది, చేతిలో స్టీలు డబ్బా, తలకి గుడ్డ కట్టుకుంది, క్యాంప్ 2 బస్తీ వైపు నుంచి ప్లాంటుకి కాంట్రాక్టు పనికొచ్చే ఆడవాళ్ల మాదిరి. నాకు కనిపించింది. నాన్న బ్రేకు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. నేను "నాన్నా" అని అరిచాను, ఆవిడ వెనక్కి గెంతింది, డబ్బా కింద పడి అన్నం రోడ్డు పాలైంది. "అంధే హో క్యా భయ్యా?" అని అరిచింది ఆవిడ. గుడ్డివాడివా అని. నాన్న నవ్వేసి, "సీకటి పడిపోనాది కదా, మాఫ్ కర్నా బహెన్" అన్నాడు.

చీకటి ఎక్కడ పడిందని? ఆ అన్నం మెతుకులు ఒక్కొక్కటీ నాకు కనిపిస్తున్నాయి.

ఆ రాత్రి నుంచి నా తిరుగుడు ఎక్కువైంది. ప్లాంటులో షిఫ్టు మారే వేళకి ఇలాంటి ఆడవాళ్లు గుంపులుగా పట్టాలు దాటతారని నాన్నే చెప్పేవాడు. బండి ముందు మామయ్య ఉంటాడు. పక్క నుంచి వచ్చేవాళ్లకి ఎవరుంటారు? అమ్మతో అందామనుకున్నాను, అమ్మ మొహం చూసి మింగేశాను. నాన్నతో అనడానికి నాకు ధైర్యం చాలలేదు. కాగితం రాసిచ్చిన చెయ్యి నాదే కదా.

చేతకానితనమంతా కథలోకి పోయింది. ఓడ సగం దారికొస్తుంది. దాన్ని తిప్పవలసిన ముసలి డ్రైవరుకి నాలుగు చేతులూ బాగున్నాయి, చూపు మందగించింది. తిప్పే ముందు పెద్దలు పరీక్ష పెడతారు, దూరంగా నక్షత్రాల పటం వేలాడదీసి పేర్లు చదవమంటారు. అతని కూతురు ముందే ఆ పటం చూసొచ్చి వరస నేర్పి ఉంటుంది. గడగడా అప్పజెప్పేస్తాడు. పెద్దలు మెచ్చుకుంటారు. ఓడలో ఉన్న పదివేలమందీ అతన్ని నమ్మి నిద్రపోతారు. తొట్టిలో సగం లోహం ఊగుతుంటుంది. అతను ఓడని వీపుతో పట్టి తిప్పేస్తాడు, అందరూ బతికిపోతారు. నాన్నని గెలిపించాననే అనుకున్నాను.

కథ పూర్తయ్యాక నాన్న వినిపించమన్నాడు. "సభలోనే విను" అన్నాను. ఎందుకలా అన్నానో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

ఉగాది రోజు సంఘం హాల్లో పచ్చడి పంచి, పంచాంగం అయ్యాక చదవడాలు మొదలయ్యాయి. నాన్న చలువ చేసిన తెల్ల చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చున్నాడు. ముందు వరసలో సంఘం సెక్రటరీ గారు, ప్లాంటులో ఇంజనీరు, సంచికలో అచ్చుతప్పులు దిద్దేది ఆయనే. దిద్దేటప్పుడు ఆయన కళ్లు దీర్ఘాల మీదే ఉన్నాయి కాబోలు, విషయం మీద లేవు. నా వంతు వచ్చింది. ఇంజను దగ్గర జనం బాగా విన్నారు. సగం తొట్టి దగ్గర వెనక కూర్చున్న లోకో వాళ్లు "అవున్రా బావూ" అని తలలూపారు. నాన్న మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

తర్వాతి పేజీ నక్షత్రాల పటం. తిప్పబోతూ తలెత్తి చూశాను. ఆ పేజీ దాటెయ్యొచ్చు. దాటేసినా కథ తెగదు, ఎవరూ అడగరు. చదివాను. కూతురు వరస నేర్పే చోట వెనక నుంచి నవ్వులు లేచాయి. ఒకాయన తొడ చరిచి, "ఓర్నాయనో, ఇది అచ్చం మనోడి లెక్కే" అన్నాడు. అంతే, నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. అన్నవాడు కూడా నాలిక కరుచుకున్నాడు. నాన్న మొహంలో నవ్వు అలాగే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. నేను చివరిదాకా చదివి దిగిపోయాను.

తర్వాత సెక్రటరీ గారు నా దగ్గరికొచ్చారు.

"చాలా బాగుందమ్మా. ఆ ఇంజను సంగతులన్నీ ఎవరు చెప్పారు?"

"మా నాన్న, సార్."

"మరి ఆ కంటి పరీక్ష?"

"అది... నేనే ఊహించాను."

"మంచి ఊహ" అన్నారాయన. నాన్న వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నాది మైకులో దాటింది.

ఎండలు ముదిరాక పరీక్ష వచ్చింది. నాన్న మామూలుగానే వరసలు వల్లించుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి కూలర్ ఎదుట కూర్చున్నాడు, బూట్లు విప్పలేదు.

"అక్షరాలు లేవే" అన్నాడు అమ్మతో. "అటూ ఇటూ తిప్పిన మూడు కాళ్ల గుర్తులు ఎట్టినారు. కాళ్లు ఏ పక్కకున్నాయో సెప్పమన్నారు."

"మరి మన అక్షరాలో?" అంది అమ్మ, వాటిని ఎవరో ఇంట్లోంచి ఎత్తుకుపోయినట్టు.

కంటి నరం దెబ్బతిందని, అద్దాలతో పోయేది కాదని, చుక్కల మందు వేస్తే మిగిలింది కొన్నాళ్లు నిలబడుతుందని డాక్టరు చెప్పాడట. లోకో దింపేసి స్టోర్సులో చేతి తొడుగులు పంచే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. జనరల్ షిఫ్టు. పొద్దున్న తొమ్మిదికి వెళ్లి సాయంత్రానికి రావడం ఆయనకి చేతకాలేదు. తెల్లారగట్లే లేచి బూట్లు వేసుకుని మంచం మీద కూర్చునేవాడు. ఆయనా తిరగడం మొదలుపెట్టాడు, ముందు గది నుంచి వంటింటికి, మళ్లీ వెనక్కి. ఇద్దరం ఎదురుపడితే గోడకి జరిగి దారిచ్చుకునేవాళ్లం. వారం రోజులు నాతో ఒక్క మాట ఆడలేదు. ఆ వారంలో నేను కథ రాసిన కాగితాలు పొయ్యిలో పెట్టాను. అచ్చయిన సంచిక మాత్రం ఇంటింటికీ చేరిపోయింది.

ఎనిమిదో రోజు నేను వీధి మెట్ల మీద కూర్చుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట సెప్పు గుంటా. తెలిసే రాసినావా?"

ఆ స్కూటరు, ఆ అన్నం, దాటెయ్యని ఆ పేజీ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆయన్ని ఇంకా బాధపెట్టకూడదనుకున్నాను. పచ్చిగా చెప్పాలంటే నాకు భయం వేసింది.

"లేదు నాన్నా. తెలియక రాసేశాను. కథ కదా అని."

వీధిలోకి చూశాడు. చూశాడంటే, మొహం అటు పెట్టుకున్నాడు.

"తెలిసి రాసుంటే బాగుండును" అన్నాడు. "నా బండికి అడ్డంగా దాటినోళ్ల గురించి ఇంట్లో ఒక్కలైనా ఆలోచించినారనుకుందును. నాకు ఆ బుద్ధి లేకపోనాది. నీకున్నాదేమో అనుకున్నాను."

భుజం మీద చెయ్యి వేసి లేచి లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ మెట్టు మీదే ఉండిపోయాను. నిజం చెప్పి ఉంటే ఆ రోజు నన్ను మెచ్చుకునేవాడు. ఆయన మెప్పు కోసం ఓడలు కట్టిన దాన్ని, అది చేతికొచ్చిన చోట అబద్ధమాడాను. లోపలికెళ్లి చెప్పడానికి పదకొండు అడుగులు కూడా లేవు. వెళ్లలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో లెక్కలేదు, వచ్చిన ప్రతిసారీ మింగాను.

అమ్మ పోయింది. నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. చుక్కల మందు చాలాకాలమే కాపాడింది, ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయి. సంఘం ఇంకా ఉంది, ఉగాది సంచిక ఇంకా వేస్తున్నారు, రాసినవాళ్లే పైకి చదవాలన్న పద్ధతీ మారలేదు. ఈసారి నేను ఇది ఇచ్చాను. సభకి వస్తానంటున్నాడు. చొక్కా చలువ చేయించమన్నాడు. "ఓడ కథేనా?" అని అడిగితే అవునన్నాను. "ఈ పాలి ఆపడం సరిగ్గా రాసినావా?" అన్నాడు.

రాశాను. తెలిసే రాశాను నాన్నా, అప్పుడూ ఇప్పుడూ. ఈ వాక్యం దగ్గరికొచ్చేసరికి నువ్వు ముందు వరసలో ఉంటావు. ఈ పేజీ దాటెయ్యను.